వెనక్కి ఐదు గేర్లు

ఆగస్టు ఆదివారం. లింకన్‌షైర్‌లో బార్లీ కోసేసిన పొలం.
రాత్రి వానకి నానిన కొయ్యకాళ్ళు
బూట్లను పట్టుకుని వదలడం లేదు.
తాడు కట్టిన వరసలో మా నాన్న విల్ఫ్ ట్రాంటర్,
మడత కుర్చీ, ఫ్లాస్కులో చక్కెర లేని టీ,
వెనకాల ఆయన ఫెరెట్.
నాలుగు టన్నుల ఉక్కు, పైన చిన్న టోపీలా టరెట్,
ఆకుపచ్చ రంగు ఆయనే మూడుసార్లు వేశాడు.

అటు పక్క ఒక మోరిస్ మైనర్. దాని చెక్క చట్రంలో
నాచు మొలిచింది. యజమాని గీకడు.
ఇటు పక్క ఆస్టిన్, దాని కింద కేకులు కాల్చే ట్రే,
ట్రేలో చుక్క చుక్కగా నలుపు.
ఇంగ్లీషు బండికి ఆయిల్ కారకపోతేనే భయపడాలట,
లోపల అయిపోయిందని అర్థమట.
పొద్దుట్నించి ఏడుగురు చెప్పారీ మాట.
ఏడుసార్లూ నాన్న కొత్తగా నవ్వాడు.

నాకు బండ్ల పేర్లు గుర్తుండవు, వాసన గుర్తుంటుంది.
కవెంట్రీలో షిఫ్టు దిగి సైకిల్ మీద వచ్చేవాడు,
గిన్నెలు తోమే పొడితో చేతులు రుద్దుకునేవాడు,
అయినా రొట్టె మీద బొటనవేలి ముద్ర పడేది.
ఆ ముద్ర ఉన్న ముక్క కోసం
నేనూ ఐవర్ కొట్టుకునేవాళ్ళం.

"తాతా, ఇది ఎంతమందిని చంపింది?"
టైరెక్కిన పిల్లాడొకడు అడిగాడు.
"నేను గేర్‌బాక్సులు బిగించానంతే బాబూ."

రెండు గంటలకి చిప్స్ బండి కిటికీ మూసేసి
లోయిజోస్ వచ్చాడు, ఏప్రన్ విప్పకుండానే.
ఎడమ దీపం కింద అరచెయ్యి ఆనించాడు,
కరిచే కుక్కో కాదో చూసుకునే కుర్రాడిలా.

"ఇలాంటిదొకటి మా వీధికొచ్చింది. నికోసియా. నాకు ఎనిమిదేళ్ళు.
అత్త ఆరేసిన దుప్పట్లు దీని యాంటెన్నాకి చుట్టుకుని
దాంతోనే వెళ్ళిపోయాయి.
మా బాబాయిని వెనకొచ్చిన లారీ ఎక్కించారు.
పదకొండు నెలలకి ఆయన తిరిగొచ్చాడు.
దుప్పట్లు రాలేదు."

నాన్న టీ కప్పు గడ్డి మీద పెట్టాడు. అది ఒరిగిపోయింది.
యాభై ఏళ్ళుగా ఆయన దగ్గరున్నది ఒక్కటే జవాబు,
అది పొద్దున్నే ఆ పిల్లాడికి ఖర్చయిపోయింది.
యంత్రం గురించి తప్ప మాట్లాడ్డం రాని మనిషి,
గొంతు సవరించుకుని,
"దీనికి ముందుకి ఐదు గేర్లు" అన్నాడు. "వెనక్కీ ఐదే.
ఎంత జోరుగా వచ్చిందో అంత జోరుగా వెనక్కి పోగలదు."

"మా వీధిలో పోలేదు" అన్నాడు లోయిజోస్.

మోరిస్ ఆయన గొడుగు ముడిచాడు. నేను తాడు చూస్తూ నిలబడ్డాను.
అప్పుడు నాన్న లేచి, మోకాళ్ళు పట్టుకుని లేచి,
టరెట్ మూత తెరిచాడు.
"దిగు లోపలికి. తల జాగ్రత్త."

లోపల్నించి ఆయన గొంతు, పాఠం చెబుతూ:
ముందు మీట కదిపి గేరు ఎంచుకోవాలి.
ఏమీ జరగదు. కంగారు పడకు.
తర్వాత ఎడమ పెడల్ అడుగుదాకా తొక్కి వదలాలి, అప్పుడు పడుతుంది.
సగం తొక్కావంటే ఎదురుతంతుంది,
నా పిక్క మీద ఆ మచ్చ ఇంకా ఉంది.

ఒకసారి తన్నింది కూడా. గ్రీకులో ఏదో తిట్టు వినిపించింది,
నాన్న దాన్ని ఇంగ్లీషులో బలపరిచాడు.

తర్వాత అది కదిలింది, వెనక్కి,
కొయ్యకాళ్ళను నలుపుతూ, కంచె వైపు,
పైన నడుం దాకా నిలబడి నాన్న చెయ్యి ఊపుతున్నాడు
కుడికి, కొంచెం కుడికి.
ముందు కిటికీలో లోయిజోస్ ముఖం
మమ్మల్నే చూస్తూ, చిన్నదవుతూ.

అది నిలబడ్డ చోట పొడి నేల, పాలిపోయిన గడ్డి,
మధ్యలో ఒక నల్ల చుక్క.

చిప్స్ బండి ముందు పద్నాలుగు మంది వరస.
ఎప్పుడు తెరుస్తాడని ఒకావిడ వచ్చి నన్నడిగింది.
రెండో గేరులో ఉన్నాడండీ, అన్నాను.
ఇంకా మూడున్నాయి.